మూడు పాయింట్ల సంబంధం

పెళ్లిచూపులకు వచ్చిన ప్రతి అబ్బాయినీ నేను ఒకటే ప్రశ్న అడుగుతాను. బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల గీత బయటి నుంచి బంతి వేసేవాళ్లలో అందరికంటే గొప్పవాడెవడు? జవాబు స్టెఫెన్ కర్రీ. ఆ పేరు వినగానే కూర అనుకుని నవ్వేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఆ జోకు ఎనిమిదో తరగతి నుంచి వింటున్నాను, ఇంతవరకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

మొదటి అబ్బాయి, "ఆడపిల్లలు కూడా ఆడతారా అది?" అన్నాడు. రెండో అబ్బాయి, "మీరు ఎవరంటే వాళ్లేనండి," అన్నాడు. ఇద్దరినీ వద్దన్నాను. మా అమ్మ విశాలాక్షి వారం రోజులు నాతో మాట్లాడలేదు. కాలేజీ జట్టులో మూడేళ్లు ఆడాను. ఇంటికొచ్చి ఆట గురించి ఏం చెప్పబోయినా అందరూ నవ్వేవాళ్లు. నవ్వకుండా వినే మనిషి దొరికితేనే పెళ్లి, లేదంటే మార్కాపురంలోనే మా నాయన స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కుకుంటూ ఉండిపోతానని మొండికేశాను.

మూడో సంబంధం కనిగిరి నుంచి వచ్చింది. అబ్బాయి పేరు శివకృష్ణ, వాళ్లది బట్టల దుకాణం. ఉప్మా, కాఫీ అయ్యాక మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదికి పంపారు. అడిగాను.

"స్టీవ్ కెర్," అన్నాడు, ఆలోచించకుండా.

నాకు ఒళ్లు మండింది. "కర్రీ నాలుగు వేలు దాటించినాడండీ. కెర్ మొత్తం కలిపి వెయ్యి కూడా వెయ్యలేదు."

"ఎన్ని వేసినాడని కాదు, ఎన్ని తప్పినాయో చూడండి. కెర్‌కి వందకు నలభై అయిదు పడినాయి. అమెరికా ఎన్‌బీఏ పోటీల్లో అంత గురి ఇంకెవరికీ లేదు."

"మూలన ఒక్కడే నిలబడి వేస్తే నేనూ వేస్తా. అవతలోళ్లంతా అదే జట్టులో ఉన్న జోర్డాన్ మీద పడినారు, ఈయన్ని పట్టించుకునేదెవరు?"

"అది నిజమే," అన్నాడు. "కానీ మీ కర్రీకి కోచ్‌గా చేసింది ఈ కెరే కదండీ?"

అరిచాను. పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పెళ్లిచూపుల్లో అరిచాను. అతనూ అరిచాడు. కింద మా అమ్మ ఈ సంబంధం కూడా పోయిందని కళ్లొత్తుకుంది. ఇద్దరి నాయనలూ ఆయాసపడుతూ పైకొచ్చి, "ఏంది గొడవ?" అన్నారు. చెప్పాం.

మా నాయన రాధాకృష్ణమూర్తి గడ్డం గోక్కున్నాడు. "అబ్బాయి చెప్పిందే కరెక్టు. దుకాణం మెట్లెక్కినోళ్లలో సగం మందిని ఒట్టి చేతులతో పోనీకుండా చూసుకుంటే, వాడు వ్యాపారి." కన్నకూతురు ఎదురుగా ఉండగా ఇట్లా అన్నాడు.

"మెట్లెక్కేదే నలుగురైతే ఎవరైనా అమ్ముతారు," అన్నాడు శివకృష్ణ వాళ్ల నాయన. "పండగ గుంపులో, నాలుగు పక్కల నుంచి చీరలు లాగుతా ఉంటే అమ్మమనండి చూస్తా. అమ్మాయి చెప్పినాయనే గొప్ప."

ఒంటిగంటైంది. ఎవరూ తగ్గలేదు. "ఆకలేస్తా ఉంది, తింటా మాట్లాడుకుందాం రా బావా," అన్నాడు మా నాయన. "పద బావా," అని ఆయన దిగి వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. శివకృష్ణ కూడా కూర్చున్నాడు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సంబంధం కుదరక ముందు మగపెళ్లివారు ఆడపిల్ల ఇంట్లో అన్నం ముట్టరు. టిఫిను, కాఫీ వరకే. అన్నం ముద్ద నోట్లో పెట్టారంటే ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి పోవడం ఉండదు. అబ్బాయి తల్లి వెంకటరత్నమ్మ గుమ్మం దగ్గర నుంచి సైగలు చేస్తూనే ఉంది. వాళ్లాయన చూడలేదు. పప్పన్నం కలిపి రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "గుంపులో అమ్మాల బావా, గుంపులో," అన్నాడు. వెంకటరత్నమ్మ తల పట్టుకుంది. మా అమ్మ నెయ్యి గిన్నెతో ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఏమైంది?" అన్నాడాయన. తర్వాత తన చేతి వంక చూసుకున్నాడు.

నా పెళ్లి అయిపోయినట్టే. నన్నొక్క మాట అడిగినవాళ్లు లేరు. కోపంతో నా చెవులు వేడెక్కాయి.

శివకృష్ణ విస్తట్లో అన్నం అలాగే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మా నాయన తిన్నాడని మీరు ఒప్పుకోవాల్సిన పని లేదండీ," అన్నాడు నాతో, అందరి ముందూ. "మీరు వద్దంటే నేను లేచి పోతా. మీరు చెప్పింది తప్పని మాత్రం పోతా పోతా కూడా అంటా."

ఆట గురించి నేను మాట్లాడితే ఇంతవరకు తప్పని ఎవరూ అనలేదు. నవ్వారంతే. తప్పనాలంటే ముందు వినాలి కదా. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. అమ్మ చేతిలోంచి నెయ్యి గిన్నె లాక్కుని వెళ్లి అతని విస్తట్లో వేశాను. కంగారులో కాస్త ఎక్కువే పడింది.

"తినండి," అన్నాను. "తిని మాట్లాడండి. సాయంత్రం దాకా నేను ఖాళీయే."