నాలుగు పది గేర్ల కూత

డెల్మర్ ఓక్స్ కారు వీధి మలుపు తిరగకముందే దాని కూత వినిపించేది. ఇంజను చప్పుడు కాదది. వెనక ఇరుసులోంచి సన్నగా, తెంపు లేకుండా సాగే కూత. ఒహాయో రాష్ట్రం టొలీడోలో ఆ వీధి వాళ్ళందరికీ అది తెలుసు, ఒక్క వెర్నా జెలిన్‌స్కీకి తప్ప.

వెర్నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఇరుసుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. అందులో ఇరవై రెండేళ్ళు, గోడలకు మెత్తలు కొట్టిన ఒక చిన్న గదిలోనే గడిచాయి. అక్కడ గేర్లను జతలు జతలుగా తిప్పేవాళ్ళు. ఏ జత మెత్తగా తిరుగుతోంది, ఏది మూలుగుతోంది అన్నది విని చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆమె తల అడ్డంగా ఊపిందంటే, మేస్త్రీ వచ్చి బతిమాలినా సరే, ఆ జత వెనక్కి పోవలసిందే. అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి మిషను పెట్టారు. అది మాటల్ని తెచ్చి ఇచ్చేది గానీ సన్నటి చప్పుళ్ళను మింగేసేది. ఈ సంగతి వెర్నా ఎవరికీ చెప్పలేదు. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని, ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ నెట్టుకొస్తోంది.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున డెల్మర్ సంచి నిండా మొక్కజొన్న పొత్తులతో వచ్చాడు. వెనక సందుకు అవతలి ఇల్లే అతనిది. పైపుల పనిచేసి రిటైరయ్యాడు.

"వెర్నా, నీతో పని పడింది."

"పొత్తులు చూస్తేనే తెలుస్తోందిలే. చిన్న పనికైతే నువ్వు టమాటాలు తెస్తావు."

సంగతేమిటంటే, అతని దగ్గర డెబ్బయ్యో సంవత్సరపు షెవెల్ కారు ఉంది. అందులో మొదట మూడు ముప్పై ఒకటి, అంటే 3.31 గేర్లు ఉండేవి. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను నుంచి వచ్చే కడ్డీ ఎన్ని చుట్లు తిరగాలన్నదే ఆ లెక్క. చుట్లు పెరిగేకొద్దీ బండి కాలు నొక్కగానే ముందుకు దూకుతుంది గానీ, పెద్ద రోడ్డెక్కితే ఇంజను ఊపిరి తిప్పుకోలేదు. మొన్న వసంతంలో డెల్మర్ తన స్నేహితుడు రస్ చేత ఆ జత తీయించి నాలుగు పది, అంటే 4.10 వేయించాడు.

"ఎందుకు?"

"రేసులకి."

"ఎన్నిసార్లు వెళ్ళావు?"

"వెళ్ళాలి ఇంకా," అన్నాడు డెల్మర్, బూట్ల వంక చూసుకుంటూ. "సెప్టెంబరులో మా పెళ్ళై ముప్పై అయిదేళ్ళు. ఉత్తరాన సరస్సు మీదున్న ఆ మాకినా బ్రిడ్జికి పోదామని లోరెట్టా ఎప్పటినుంచో అడుగుతోంది. ఇప్పుడేమో ఆ ఈల కూసే బండి ఎక్కనంటోంది. నాలుగు పది అన్నాక కూయాల్సిందే, కూయకపోతే అది నాలుగు పదే కాదంటాడు రస్."

వెర్నాకు ఒళ్ళు మండింది. "కూసే గేరంటూ ఏదీ లేదు. సరిగా కూర్చోబెట్టనిది ఉంటుంది, అంతే. పద, విందాం."

నోరు జారాక గానీ ఆమెకు తట్టలేదు, ఏ చెవితో వింటానని.

వెనక సీట్లో కూర్చుంది. ఊరు దాటి సోయా చేల మధ్య డెల్మర్ వేగం పెంచాడు. మిషనులోంచి గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు. మిషను తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఆ హోరు కూడా లేదు.

"వినపడుతోందా?" అన్నట్టు అద్దంలో అతని పెదవులు కదిలాయి.

తల ఊపితే సరిపోయేది. కానీ విననిదాన్ని విన్నానని ఆమె ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదు.

"ఆపు," అంది. కారు చేను పక్కన ఆగాక మిషను మళ్ళీ పెట్టుకుంది. "నాకు వినపడటం లేదు డెల్మర్. రెండేళ్ళయింది."

డెల్మర్ సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"నాకు దగ్గరి చూపు పోయి మూడేళ్ళయింది," అన్నాడు. "మందుసీసాల మీద ఏం రాసుందో లోరెట్టాయే చదివి చెబుతుంది. సరే, ఇప్పుడేం చేద్దాం?"

జాలిపడతాడనుకుంది. అతను ఉపాయం అడిగాడు. వెర్నాకు ప్రాణం తేలికపడింది.

"కర్రలాంటిదేమైనా ఉందా బండిలో?"

డిక్కీలో మంచు దులిపే చీపురు ఉంది.

"ఆగస్టులో మంచు చీపురా?"

"మనది ఒహాయో, ఎప్పుడు కురుస్తుందో చెప్పలేం."

డెల్మర్ బండి మళ్ళీ రోడ్డెక్కించాడు. వెనక సీట్లోంచి చీపురు కట్టె చివర ఇరుసుకు పైనున్న రేకుకు ఆనించి, రెండో కొన దవడ ఎముకకు గట్టిగా నొక్కుకుంది వెర్నా. "ఇప్పుడు తొక్కు," అంది. దవడలో సన్నటి జలదరింపు మొదలైంది. "కాలు తియ్." జలదరింపు చల్లారిపోయింది. మళ్ళీ తొక్కించింది, మళ్ళీ తీయించింది. ఆమెకిక అనుమానం మిగల్లేదు. పాత గదిలో, పాత కుర్చీలో కూర్చున్నట్టే ఉంది.

"లాగేటప్పుడు కూస్తోంది, వదిలితే మానేస్తోంది. చిన్న గేరు, ఆ పినియన్, పెద్ద గేరు క్రౌనుకు దూరంగా ఉంది. లోపలికి జరపాలి."

"ఎంత?"

"రెండు వెంట్రుకల మందం."

మర్నాడు రస్ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. మూత విప్పి, నల్లటి నూనె బేసినులోకి వంచి, క్రౌను పళ్ళకు పసుపు రంగు ముద్ద రాసి తిప్పాడు. ఒరిపిడి మరక పళ్ళ మధ్యన పడాల్సింది, పై అంచుకు ఎగబాకి ఉంది. రస్ దాన్ని చాలాసేపు చూశాడు.

"ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు.

"ఈ వీధిలో అందరం కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతాం," అంది వెర్నా.

పినియన్ వెనకనున్న పల్చటి ఉక్కు రింగు తీసి కాస్త మందమైనది వేశారు. ఈసారి మరక మధ్యన పడింది. మధ్యాహ్నం లోరెట్టాను ఎక్కించుకుని పెద్ద రోడ్డు మీద తిప్పి తీసుకొచ్చారు. ఆమె దిగి వస్తూనే అందరూ ఆమె నోటి వంక చూశారు.

"ఈల పోయింది," అంది లోరెట్టా. "ఇప్పుడు ఇంజను అరుపు చక్కగా, విడిగా వినపడుతోంది."

డెల్మర్ మొహం వాడిపోయింది. రస్ నవ్వు ఆపుకోలేక గారేజీ బయటికి పోయాడు.

"అది గేరు తప్పు కాదు," అంది వెర్నా. "ఆ లెక్కే అంత. రేసుకి పుట్టిన జత అది. ముందు ఒకసారి దాని ముచ్చట తీర్చు డెల్మర్, తర్వాత చూద్దాం."

రెండు వారాలకు ఆదివారం మధ్యాహ్నం, పట్నం బయట రేసు దారిలో డెల్మర్ రస్ బండి పక్కన తన బండి నిలబెట్టాడు. పచ్చదీపం వెలగగానే షెవెల్ ముక్కెత్తి దూకింది. సగం కారు దూరంలో రస్‌ను ఓడించాడు. చూసేవాళ్ళ చెక్క మెట్ల మీద నిలబడి లోరెట్టా కేకలు పెడుతుంటే, పక్కన వెర్నా మిషను తీసేసి, కాళ్ళ కింద చెక్కలు అదరడాన్ని అరికాళ్ళతోనే ఆనందించింది. డెల్మర్ కారు దిగి వచ్చాక కూడా చెవుల దాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి బీరు సీసా తెరిచి, "లోరెట్టా, ఆ మూడు ముప్పై ఒకటి జత ఎక్కడ పెట్టాం?" అన్నాడు.

"నా కుట్టుమిషను కింద. ఎందుకూ?"

"రేసు పద్నాలుగు సెకన్లు. బ్రిడ్జికి అయిదు గంటలు."

లోరెట్టా లేచి వెళ్ళి, పాత తువ్వాలులో చుట్టిన ఆ జతను రెండు చేతులా మోసుకొచ్చి అతని ముందు పెట్టింది. అంత బరువు తానే మోసి తెచ్చిందంటే ఆమె సంతోషం అతనికి తెలిసింది.

రస్ ఆ పాత జత మళ్ళీ వేశాక, సెప్టెంబరులో ముగ్గురూ బయలుదేరారు. వెర్నా మొదట రానంది, పెళ్ళిరోజుకు మొగుడూ పెళ్ళాల మధ్య తానెందుకని. "ముప్పై అయిదేళ్ళూ మేమిద్దరమే మాట్లాడుకున్నాం, కొత్తవాళ్ళు కావాలి," అని లోరెట్టా ఆమె సంచి తీసుకెళ్ళి డిక్కీలో పడేసింది. దారంతా బండి నీళ్ళ మీద పడవలా పోయింది. గేలార్డ్ అనే ఊరి దగ్గర ఆగి చెర్రీ పళ్ళు కూరిన తీపి రొట్టె తిన్నారు. మధ్యాహ్నానికి నీలి సరస్సు మీద తెల్లటి బ్రిడ్జి స్తంభాలు కనపడ్డాయి. డెల్మర్ బండి పక్కకు తీసి ఆపాడు.

"నువ్వు తోలు," అన్నాడు భార్యతో.

"ఏం?"

"నాకు ఎత్తంటే భయం."

లోరెట్టా అతని వంక తేరిపార చూసింది. "ముప్పై అయిదేళ్ళు ఏదో ఒక వంక చెప్పావు. ఇదా సంగతి?"

"ఇదే."

ఆమె పకపకా నవ్వి సీటు మారింది. బ్రిడ్జి మధ్యకు వచ్చేసరికి కింద నుంచి పెద్ద గుంయ్‌మనే మోత లేచింది. కళ్ళు మూసుకుని కూర్చున్న డెల్మర్ ఉలిక్కిపడ్డాడు.

"వెర్నా, మళ్ళీ ఇరుసేనా?"

వెర్నా అరచేతిని సీటుకు ఆనించి ఒక్క క్షణం చూసింది. తర్వాత కిటికీలోంచి కిందికి చూసింది. బండి ఇనుప జాలీ మీద పోతోంది. దాని సందుల్లోంచి, ఎంతో లోతున, నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఇరుసు హాయిగా ఉంది. మోగేది బ్రిడ్జి," అంది. "లోరెట్టా, కుడి పక్క వరసలోకి తీసుకో. డెల్మర్, నువ్వు మాత్రం కళ్ళు తెరవకు."

లోరెట్టా పక్క వరసలోకి తిప్పింది. మోత ఆగిపోయింది. కాసేపటికి డెల్మర్ ఒక కన్ను తెరిచాడు.