హాలు కింద కాపురాలు

ఆ ఏడాది సముద్రం మా టౌన్ హాలు వెనక మెట్ల దాకా వచ్చింది. నీళ్ళు పైకెక్కలేదు, నేలే జారిపోతూ వచ్చింది. లార్న్ బే ఊరు కూర్చున్నది బంకమట్టి గట్టు మీద. చలికాలంలో దక్షిణపు గాలి లేచినప్పుడల్లా అలలు ఆ గట్టు పాదాలు కొరుకుతాయి. ఆ తరువాత ఏదో ఒక ఎండ రోజున, ఎవరూ చూడనప్పుడు, పైనున్న గడ్డితో సహా ఓ పెళ్ళ విరిగి కింద పడుతుంది. మాకది అలవాటే. కంచెలు వెనక్కి జరుపుకుంటాం, బట్టలారేసే తీగలు వెనక్కి జరుపుకుంటాం. హాలును జరపాల్సిన రోజొకటి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు తమ చేతులతో కట్టుకున్న హాలు అది. టొటారా అనే గట్టి కలపతో చేసిన పొట్టి గుంజల మీద నిలబడ్డ చెక్క భవనం, పైన రేకుల కప్పు. ఊళ్ళో పెళ్ళి డాన్సులు, పోయినవాళ్ళని పాతిపెట్టి వచ్చాక తాగే టీలు, రగ్బీ జట్టు గొడవలు, అన్నీ అందులోనే. మా కౌన్సిల్ కూడా అందులోనే కూర్చునేది.

కౌన్సిల్‌లో ఐదుగురం. మేయర్ రోనా మల్‌హాలండ్ భర్త పోయాక ఒంటిచేత్తో గొర్రెల పొలం నడిపిన మనిషి. మైకు లేకుండా మాట్లాడగలదు. ఒక గొర్రెల రైతు, ఒక మందుల షాపావిడ, నేను. నాది రేవు పక్కన చేపల వేపుడు దుకాణం. ఎప్పుడో పడుచుతనంలో మన దేశం నుంచి వచ్చి ఇక్కడ దిగి, ఇక్కడి పిల్లను చేసుకుని, ఇక్కడే ఉండిపోయాను. ఊరి కబుర్లన్నీ పొట్లం కట్టేలోపు నా చెవిన పడతాయి కాబట్టి నన్ను ఎన్నుకున్నారని అంటారు. అయిదో మనిషి క్లెమ్ లిడ్గార్డ్. ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టడం ఆయన వృత్తి. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు ఎప్పుడో ఒకప్పుడు ఆయన జేబులో గలగలలాడినవే. ఎవరేం ప్రతిపాదించినా ముందు కాదనడం ఆయన ప్రవృత్తి.

హాలును కూల్చేసి కలప అమ్మేద్దామన్నాడు క్లెమ్. ఎత్తి, ఊరి పైన కొండ మీద, పూర్వం పశువుల సంత జరిగిన కౌన్సిల్ స్థలంలో పెడదామంది రోనా.

"మంచాన పడ్డ ముసలమ్మను లేపి డాన్సుకు తీసుకెళ్తానంటున్నావు రోనా," అన్నాడు క్లెమ్.

"ముసలమ్మే వస్తానంటుంటే మధ్యలో నీకేం నొప్పి?" అంది రోనా.

ముగ్గురం ఎత్తడానికి, ఇద్దరు కూల్చడానికి చేతులెత్తాం. అలా తేలింది.

ఇళ్ళను లారీలకెత్తి ఊళ్ళు దాటించే విలియామి అనే టోంగా దీవుల మనిషిని ఉత్తరం నుంచి పిలిపించాం. ద్వారబంధం నిండేంత మనిషి, మాట మాత్రం దూదిపింజ. ఈ దక్షిణార్ధగోళంలో వేసవి వెనకబడుతున్న మార్చి నెలలో తన మనుషులతో వచ్చి, బయటి నుంచే హాలు కింద అటూ ఇటూ ఇనుప దూలాలు తోయించాడు. ఎత్తే రోజు పొద్దున్నే ఊరంతా కుర్చీలు, ఫ్లాస్కులు పట్టుకుని వచ్చి గడ్డిలో కూర్చుంది. విలియామి టోపీ తీసి, తన భాషలో చిన్న ప్రార్థన చేసి, జాకీలు తిప్పమని చెయ్యి ఊపాడు.

హాలు మొదట మూలిగింది. తరువాత మేకులు ఒక్కొక్కటే కీచుమన్నాయి. అంత పెద్ద భవనమూ నిద్రలేచే మనిషిలా నెమ్మదిగా తన గుంజల్ని వదిలి పైకి లేచింది. కిందనుంచి అవతలి వైపు సముద్రం ఒక వెలుగు గీతలా కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరమూ ఆ వైపు నుంచి సముద్రాన్ని చూడలేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశారు.

దూలాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడ్డానికి విలియామి టార్చి పట్టుకుని కిందికి పాక్కుంటూ వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. వచ్చాక లేచి నిలబడకుండా అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. రోనా దగ్గరికెళ్ళి ఏమైందని అడిగింది.

"మీ హాలు ఖాళీగా లేదమ్మా," అన్నాడు.

మేం బోర్లా పడుకుని చూశాం.

హాలు కింద పెంగ్విన్లు రెండో మూడో ఉంటాయని ఊళ్ళో అందరికీ తెలుసు. సముద్రం ఒడ్డున ఇళ్ళ కింద మా దగ్గర అది మామూలే, మోకాలి ఎత్తు కూడా ఉండని నీలి పెంగ్విన్లు. నేను చూసింది మాత్రం వేరు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, గుంజ గుంజకూ మధ్యన, మట్టిలో తొలుచుకున్న గూళ్ళలో అవే. వందకు తక్కువుండవు. అది వాటికి ఈకలు రాలే కాలం. పాత ఈకలు నేలంతా మంచులా పరుచుకున్నాయి. ఆ మంచులో మురికి రంగు ఒళ్ళతో, అక్కడక్కడా చిరుగుల్లోంచి కొత్త నీలం తొంగిచూస్తూ, అవి నిలబడి ఉన్నాయి. నెత్తిమీది కప్పు ఒక్కసారిగా లేచిపోయినా ఒక్కటీ పారిపోలేదు. అన్నీ తలలు తిప్పి మా వైపు చూశాయి. గూటికీ గూటికీ మధ్య సన్నటి దారులున్నాయి. తరతరాల కాళ్ళ కింద అరిగి అరిగి, గచ్చు చేసినంత నున్నగా ఉన్నాయి. ఈ ఊరి తాతలు పైన నేల పరుస్తున్నప్పుడే వీటి తాతలు కింద వీధులు వేసుకున్నాయన్నమాట. మేం పైన కూర్చుని రోడ్ల గురించి, మురుక్కాలవల గురించి కొట్టుకుంటున్నంత కాలమూ కింద మరో ఊరు తన మానాన తాను నడుస్తూనే ఉంది.

నా పక్కన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించి తిరిగి చూస్తే క్లెమ్. మంచి కోటు వేసుకుని వచ్చినవాడు ఆ కోటుతోనే తడిగడ్డిలో బోర్లా పడుకుని ఉన్నాడు. మిగతావాళ్ళం లేచాక కూడా ఆయన చాలాసేపు లేవలేదు.

వన్యప్రాణుల శాఖ నుంచి మెరియానా అనే అమ్మాయి మధ్యాహ్నానికల్లా వచ్చింది. తను కిందికెళ్ళి వచ్చి విషయం విడమరచి చెప్పింది. ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా వాటి ఒంట్లోకి నీళ్ళు దిగుతాయట, సముద్రంలోకి వెళ్తే చలికి చచ్చిపోతాయట. అంతదాకా తిండి కూడా లేకుండా ఒంట్లో కొవ్వు మీదే బతుకుతాయట. ఇంకా రెండు మూడు వారాలు పడుతుంది. కాదంటే అనుమతి తెప్పించి పెట్టెల్లో వేరేచోటికి ఎత్తించగలనంది, కానీ ఈ స్థితిలో ఇన్నింటిని కదిలిస్తే అన్నీ బతుకుతాయని హామీ ఇవ్వలేనంది.

హాలును మళ్ళీ కిందికి దించేద్దామా అంటే ఇనుప దూలాలు సరిగ్గా వాటి దారుల మీద కూర్చుంటాయి. అలాగే పైన ఉంచుదామా అంటే గట్టు అంచు దగ్గరే ఉంది. రోనా విలియామిని అడిగింది. అవతల ఇంకో ఊళ్ళో ఇల్లొకటి తనకోసం కాచుకుని ఉందనీ, వాళ్ళకి సర్దిచెప్పుకుంటాననీ, జాకీల సంగతి తను చూసుకోగలను గానీ కింద నేల సంగతి దేవుడే చూసుకోవాలనీ అన్నాడు.

హాలు గాల్లో ఉంది కాబట్టి అత్యవసర సమావేశం గడ్డిలోనే పెట్టాం. ఊరంతా చుట్టూ నిలబడింది. వానకాలం ముంగిట హాలు మీద జూదం ఆడలేమనీ, పెట్టెల్లో ఎత్తించేయడమే మేలనీ రైతు అన్నాడు. మందుల షాపావిడ చాలాసేపు ఊగిసలాడి ఆయన వైపే మొగ్గింది. ఆగుదామన్నాం నేనూ రోనా. అందరి కళ్ళూ క్లెమ్ మీద పడ్డాయి. మొదటి నుంచీ ఈ హాలు అక్కర్లేదన్న మనిషి ఏమంటాడో మాకు తెలిసినట్టే అనిపించింది.

ఆయన కోటుకంటిన ఈకలు దులుపుకుంటూ లేచాడు.

"ఈ ఊళ్ళో నా జీవితమంతా ఇళ్ళు అమ్మాను. అద్దెకున్నవాళ్ళు లోపలుండగా ఎన్నో అమ్మాను. కొన్నవాడు ఎంత తొందరపెట్టినా సరే, ఉన్నవాళ్ళకి గడువివ్వకుండా సామాను బయట పెట్టించిన పాపం మాత్రం నాకు లేదు," అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. క్లెమ్ నవ్వలేదు.

"వాళ్ళు వెళ్ళేదాకా హాలు కదలదు. రాసుకో రోనా," అని కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఊరు గొంతు తగ్గించి మాట్లాడింది. హాలు చుట్టూ తాడు కట్టి, కుక్కల్ని ఇళ్ళ దగ్గరే కట్టేసి, వంతులవారీగా కాపలా కాశాం. మా ఆవిడ వేపుడు పొట్లాలు పంపేది. ప్రతి పొద్దునా మెరియానా పాక్కుంటూ వెళ్ళి, వచ్చి, ఎన్నింటికి వీపు నీలం తిరిగిందో చెప్పేది. పెళ్ళివారి కబురు కోసం ఎదురుచూసినట్టు ఎదురుచూసేవాళ్ళం.

ఆ గడువులో సగం రోజులు గడిచాయో లేదో దక్షిణపు గాలి లేచింది. మధ్యాహ్నం పోటుతో పాటు వచ్చింది. అలల తుంపర రేకుల కప్పు దాటి రోడ్డు మీద పడుతోంది. మేం చూస్తుండగానే వెనక మెట్లు, వాటి కింది నేలతో సహా, చప్పుడైనా లేకుండా మాయమయ్యాయి. హాలు వెనక మూల ఒకటి గాల్లోకి వేలాడింది.

రైతులు ట్రైలర్ల మీద గడ్డి మోపులు, రాళ్ళు తెచ్చారు. ఇసుక బస్తాలు చేతి నుంచి చేతికి అందించుకుంటూ బారుగా నిలబడ్డాం. పెట్టెల్లో ఎత్తించేయాలన్న రైతే అందరికంటే ముందు, అంచు దగ్గర, నడుముకు తాడు కట్టుకుని నిలబడ్డాడు. విలియామి తన మనుషులతో హాలును మోస్తున్న చెక్క దిమ్మెల దొంతరలు ఒక్కొక్కటే ముందుకు మార్చుతూ బరువంతా ఊరి వైపుకి మళ్ళించాడు. గాలి హాలు కిందినుంచి దూసుకుపోతుంటే ఆ చెక్క భవనం మొత్తం ఒక్క స్వరంతో మోగింది. చర్చిలో ఆర్గన్ మొదటి మెట్టు నొక్కి పట్టుకున్నట్టు, కాళ్ళలోంచి గుండెలోకి ఎక్కే మోత. నేను వంగి చూశాను. పెంగ్విన్లన్నీ సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. ఈకలు చెదిరిపోతున్నా ఒళ్ళు కదల్చకుండా, అదేదో తమకు తెలిసిన పాటే అన్నట్టు.

ఒక దశలో రోనా మనుషులందరినీ వెనక్కి వచ్చేయమంది. మేం వచ్చేశాం. ఇక హాలూ, నేలా, అవీ, సముద్రమూ. రోడ్డు మీద నిలబడి చూడ్డం తప్ప చేయగలిగింది లేదు. మందుల షాపావిడ నా చెయ్యి పట్టుకుంది, నా చెయ్యని ఆమెకు తెలిసిందో లేదో.

పోటు తగ్గింది. గట్టు నిలిచింది. ఎందుకు నిలిచిందంటే ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. విలియామి మళ్ళీ టోపీ తీశాడు, ఈసారి అందరం తీశాం.

అయితే పెంగ్విన్లు దిగే దారి మెట్లతో పాటే కొట్టుకుపోయింది. మర్నాడు క్లెమ్ పార తీసుకొచ్చి గట్టును ఏటవాలుగా చెక్కడం మొదలుపెట్టాడు. మేం కలుస్తామంటే కాదనలేదు, కానీ మలుపు ఎక్కడుండాలో, వాలు ఎంతుండాలో మాత్రం మాతో గట్టిగానే వాదించాడు.

అవి వెళ్ళిన తెల్లవారుజాము నేను బతికున్నంత కాలం మరిచిపోను. తూర్పున ఇంకా ఎర్రబడలేదు. ఊరు ఊరంతా తాడు వెనక నిలబడి ఉంది, చంటిపిల్లలు కూడా ఏడవలేదు. ముందు ఒకటి బయటికి వచ్చింది. పాత మురికి రంగు జాడ లేదు. తడి రాయిలా మెరిసే నీలం, తెల్లటి పొట్ట. అటూ ఇటూ చూసి ఆగింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకో నాలుగు. తరువాత హాలు కింది చీకటి మొత్తం కదిలింది. గుంపులు గుంపులుగా, తొందరేమీ లేకుండా, మధ్యమధ్య ఆగి ఒకదానికోసం ఒకటి కాచుకుంటూ, కొత్త దారి వెంట దిగి, నురుగులో మునిగి, మాయమయ్యాయి. నడిచినంతసేపూ ముసలివాళ్ళలా తూలినవి నీళ్ళు తగలగానే బాణాలైపోయాయి. అన్ని చిన్న అడుగుల చప్పుడు కలిసి వాన మొదలైనట్టు వినిపించింది. అది తప్ప ఇంకే చప్పుడూ లేదు. రోనా ఏడుస్తోందని ఆమె గొంతు సవరించుకున్నాక గానీ నాకు తెలియలేదు. ఆలస్యంగా ఈకలొచ్చినవి కొన్ని తరువాతి రోజుల్లో వెళ్ళాయి. రెండు ముసలివి మాత్రం గూళ్ళలోనే పోయాయి, తుపానుకు కాదు, వయసుకేనంది మెరియానా.

తిరిగొచ్చే వాటికి ఇల్లుండాలి కదా అని ఊరి ఉత్తరాన ఒడ్డునే, రాతినేల మీద కౌన్సిల్‌కున్న మరో స్థలంలో చెక్క గూళ్ళు పెట్టించాం. ఆ స్థలాన్ని ముక్కలు చేసి అమ్ముదామని క్లెమ్ ఎన్నాళ్ళుగానో పోరుతున్నాడు. ఎప్పటికీ అమ్మకూడదని తీర్మానం పెట్టినదీ ఆయనే. అయిదు చేతులూ లేచాయి. గూళ్ళలోకి మొదటి ఏడాది కొన్నే వచ్చాయి, మరుసటి ఏడాది ఇంకొన్ని. మిగతావి ఎక్కడికి వెళ్ళాయో సముద్రానికి తెలుసు.

చివరి పెంగ్విన్ వెళ్ళాక వచ్చిన ఆదివారం నాడు హాలు కదిలింది. చక్రాల బండ్ల మీద, మనిషి నడక కంటే నెమ్మదిగా, మా వీధి నిండా నిండి వచ్చింది. కరెంటు తీగలు కర్రలతో పైకెత్తి పట్టుకున్నారు. రెండు వైపులా జనం నిలబడి, తమ ముందుకు రాగానే చెయ్యి చాపి గోడను తాకారు. మా అమ్మ వైపు ఊళ్ళో చిన్నప్పుడు చూసిన రథం గుర్తుకొచ్చింది నాకు. ఇక్కడ మేళం లేదు, మంత్రం లేదు, ఆ భక్తి మాత్రం అదే.

క్లెమ్ ఆయాసంతో నా దుకాణం ముందు ఆగిపోయాడు. కుర్చీ వేస్తానంటే వద్దని, వెళ్తున్న హాలునే చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్ని ఇళ్ళు అమ్మానయ్యా," అన్నాడు. "ఒక్కదాని కిందా వంగి చూడలేదు."

ఆయన భుజం మీద చెయ్యి వేశాను. హాలు కొండ మలుపు ఎక్కుతోంది. అటు కిటికీలోంచి ఇటు కిటికీలోకి ఆకాశం కదిలిపోతోంది. ఆయన ఊపిరి కుదుటపడ్డాక ఇద్దరం దాని వెనకే నడిచాం.