పెచ్చు కింద కంచం

సుత్తి దెబ్బకి ఊడిన పెచ్చు నేల మీద పడకుండా తిన్నగా మేస్త్రి నోట్లో పడింది. స్టూలు మీద నిలబడి, తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని కప్పుని కొడుతున్నాడు మరి. థూ అని ఉమ్మాడు. ఇసుకా తుప్పూ ఉమ్మితో పోయాయి గాని నాలుకకి అంటిన సబ్బు రుచి మాత్రం పోలేదు. అది సబ్బు రుచేనని తెలిశాక, ఆ తడి ఎక్కణ్ణుంచి దిగిందో కూడా తెలిసి మళ్ళీ ఉమ్మాడు.

ఈ గది కప్పుకి సరిగ్గా పైన ఇంటాయన స్నానాల గది. పాయిఖానా కూడా అందులోనే.

"ఏం నాయనా, రుచి చూశావా?" అంది మంచం మీది ముసలామె. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయి రెండేళ్ళయింది. నోరు మాత్రం రెండు పక్కలా పని చేస్తుంది. "పోయిన వారం దాకా గులాబీ వాసన సబ్బు. ఇప్పుడు నిమ్మకాయ వాసనది కొన్నారు. పైవాళ్ళు నాకు చెప్పరుగాని, నాకు తెలిసిపోతుంది."

"ఊరుకో అత్తా," అంది కోడలు.

"ఉన్నమాటే కదే. స్నానాల వేళ నయం. తెల్లారకముందు పడే చుక్కల వాసన నేను చెప్పను, అన్నం తినాల్సినవాళ్ళు మీరు."

కోడలు బట్టలు కుడుతుంది. బడిపిల్లల చొక్కాలు, ఒక్కోదానికి నలభై. మొగుడు లారీ మీద పోతే పదిహేను రోజులకోసారి గాని ఇంటి మొహం చూడడు. పదడుగుల గది. ఒక గోడకి పొయ్యీ గిన్నెలూ, కిటికీ దగ్గర మిషను, మిగిలిన చోట ముసలామె మంచం. మంచానికి వేరే చోటు లేదు. ఇవాళ పని కోసం దాన్ని మిషనుకి ఆనించి నెట్టేశారు, దాంతో మిషను కదలదు, చొక్కాలు అలాగే గుట్టగా పడి ఉన్నాయి.

మేస్త్రి సుత్తి తిరగేసి పిడితో కప్పుని తట్టుకుంటూ పోయాడు. మంచి స్లాబు అయితే టంగుమంటుంది. ఇది డొల్లగా పలికింది. జానెడు పక్కన తట్టాడు, అక్కడా డొల్లే. ఫ్యాను కొక్కెం దాకా డొల్ల, దాని అవతల కూడా డొల్ల. పొద్దున మంచం ఉన్న చోటుకి పైన, మంచమంత మేర, ఎక్కడ తట్టినా అదే చప్పుడు. పెచ్చు ఊడిన చోట ఇనప చువ్వ బయటపడింది. గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఒకప్పుడు వేలంత లావుండే చువ్వ ఇప్పుడు పెన్సిలంత కూడా లేదు.

పోయిన వానాకాలం ఈ చోటుని ఈ చేతులతోనే పూశాడు. అప్పుడే సగం డొల్లగా ఉంది. అప్పుడే తెలుసు. పూసి, నున్నగా చేసి, తెల్లరంగు వేసి, తొమ్మిది వందల చొప్పున రెండు రోజుల కూలి జేబులో వేసుకుని చేతులు దులుపుకున్నాడు. ఇంటాయన మురిసిపోయి తనలాంటి ఇళ్ళవాళ్ళు ముగ్గురికి మేస్త్రి పేరు చెప్పాడు. ఈ ఏడాది నెలకి ఇరవై రోజులైనా పని దొరికిందంటే ఆ మాట చలవే. మంచి మేస్త్రి అనిపించుకోవడం ఇంత తేలికని అంతకుముందు తెలియదు, ఛీ.

పదిగంటల వేళ ఇంటాయన చేతిలో ఫోనుతో దిగి వచ్చాడు. తూనికల ఆఫీసులో గుమాస్తాగా రిటైరయినవాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ తిట్టడు, పండో కాయో తెస్తే ముసలామెకి ఒకటి పంపిస్తాడు. గడప బయటే నిలబడి మాట్లాడటం ఆయన అలవాటు. లోపల వాసనని పైకి అనడు గాని, చేతిరుమాలు ముక్కు దగ్గరే ఉంటుంది. తన నీళ్ళ వాసన తనకే గిట్టదు కాబోలు.

"ఎంతదాకా వచ్చింది మేస్త్రీ?"

"సార్, ఇది కింద పూసే పని కాదు. పైన మీ స్నానాల గదిలో నీళ్ళు పోయే జాలీకి గుడ్డ కుక్కి, నాలుగంగుళాలు నీళ్ళు నిలబెట్టి ఒక రోజు చూడాలి. ఎక్కణ్ణుంచి దిగుతోందో తెలుస్తుంది. ఆ టైల్సు లేపి, కింద తడి ఆగేట్టు చేసి, అది ఆరాక అప్పుడు ఇక్కడ ముట్టుకోవాలి. డొల్ల అంతా రాల్చి, చువ్వల తుప్పు గీకి, పోయినవాటి పక్కన కొత్తవి కట్టి..."

"ఎన్నాళ్ళు?"

"పదిహేను రోజులు. అందాకా వీళ్ళు వేరే గదిలో ఉండాలి. నాలుగోది ఖాళీగానే ఉంది కదా సార్."

"నాలుగోదానికి రంగు వేయించి పెట్టాను. మరి పదిహేను రోజులు మేం స్నానానికి ఎక్కడికి పోవాలి?" అన్నాడు ఇంటాయన మెల్లగా. "చూడు మేస్త్రీ. నేనేం కోటీశ్వరుణ్ణి కాదు. రిటైరయితే వచ్చిన డబ్బంతా ఈ నాలుగు గదుల్లో పోశాను. మొన్న ఒకాయన చెబుతుంటే విన్నాను, చిన్నచిన్న ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ కోసమే చెబుతాడు." ఫోను ముందుకి చాపాడు. తెర మీద ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు తెల్లటి గోడ ముందు నిలబడి చేతులు తిప్పుతున్నాడు. "ఖర్చు ఎప్పుడూ కంటికి కనపడే చోట పెట్టాలట. తలుపులు, కుళాయిలు, రంగు. గోడ లోపలా నేల కిందా పోసిన డబ్బుకి అద్దె రాదట. నిజమే కదా."

"కప్పు కూడా కంటికి కనపడుతుంది సార్. పడుకున్నవాళ్ళకి."

ఇంటాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సిమెంటు కాస్త గట్టిగా కలిపి పూసెయ్. సాయంత్రానికి పుట్టీ పెట్టు, రేపు రంగు. వచ్చే నెల నుంచి అద్దె మూడు వందలు పెంచుతానని ఈ అమ్మాయికి చెప్పాను, ఇంత ఖర్చు పెట్టి బాగు చేయిస్తున్నాం కదా. ఎల్లుండి నుంచి మా బావమరిది ఇంట్లో పని ఉంది నీకు, వారం రోజులు."

బావమరిది ఇంట్లో వారం రోజులు. మేస్త్రి స్టూలు దిగి సిమెంటు కలిపాడు.

కలుపుతున్నంతసేపూ తన చేతులు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. పోయిన ఏడాది కనీసం సిగ్గుపడుతూ చేశాడు. ఇప్పుడు సిగ్గు కూడా లేదు, చేతులు వాటంతట అవే తాపీ పట్టుకుని మసిపూసి మారేడుకాయ చేసేస్తున్నాయి. తడి కప్పుకి సిమెంటు అంటదు. అంటకపోతే పొడి సిమెంటు అద్ది మళ్ళీ కొట్టాలి. ఆ కిటుకులన్నీ అతనికి వచ్చు. మధ్యాహ్నానికి పెచ్చు ఊడిన చోటు నున్నగా తయారైంది, చువ్వ కనపడటం లేదు. ముసలామె కింద నుంచి చూసి, "పెళ్ళికూతురి మొహంలా ఉంది," అంది. పొగిడిందో ఎత్తిపొడిచిందో అతనికి తెలియలేదు.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అన్నం వడ్డించి ఉంది. తను పూసిన చోటు కింద నేల తుడిచి, చాప వేసి, చాప ముందు కంచం పెట్టింది కోడలు.

"నీ పద్ధతి ప్రకారం అక్కడే పెట్టానన్నా, కూర్చో," అంది.

ఆ పద్ధతి గురించి చెప్పింది అతనే. పోయిన వారం పక్క గది కప్పు బాగు చేసినప్పుడు దాని కిందే కూర్చుని తింటుంటే, గోడ దుమ్ములో ఈ తిండేమిటని ఆమె అడిగింది. అతను నవ్వుతూ చెప్పాడు. పని నేర్పిన పెద్ద మేస్త్రికి అదొక పట్టుదల. కప్పు బాగు చేసిన రోజు మధ్యాహ్నం దాని కిందే కూర్చుని తినేవాడు. పని ఎలా ఉందని ఇంటివాళ్ళు అడిగితే నోటితో చెప్పేవాడు కాదు, మెతుకు మిగల్చకుండా తిని లేచేవాడు. ఇరవై ఏళ్ళుగా తనదీ అదే అలవాటని గొప్పగా చెప్పుకున్నాడు.

మేస్త్రి కంచం దాకా వెళ్ళాడు. వంగాడు. కంచం చేతిలోకి తీసుకుని గడప దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అదేంటన్నా?"

"ఇక్కడైతే గాలి వస్తుందమ్మా."

"ఫ్యాను అక్కడే ఉంది కదా."

అతను ముద్ద కలిపాడు. నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేశాడు. కోడలు కప్పు వంక చూసింది, అతని వంక చూసింది. కూర గిన్నెతోనే గడప దాకా వచ్చింది.

"పోయిన ఏడాది ఎక్కడ తిన్నావు?" అంది.

అబద్ధం ఆడితే ఆడొచ్చు. ఏడాది కిందటి తిండి ఎవరికి గుర్తుంటుంది. కానీ ఆమె అన్నం అతని కంచంలో ఉంది.

"పోయిన ఏడాదీ బయటే తిన్నానమ్మా," అన్నాడు.

"అంటే ఏడాది నుంచీ నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే దీని కింద మా అత్తని పడుకోబెట్టావు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా గిన్నె పొయ్యి పక్కన పెట్టి, మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

"వాణ్ణి తినమనవే," అంది ముసలామె. "నాకు మాత్రం తెలియదనుకున్నారా? పగలూ రాత్రీ దాన్ని చూస్తూ పడుకున్నది నేను. పగులు గీత ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో కళ్ళు మూసుకుని చెబుతాను. చెబితే ఎక్కడికి పోతాం, అద్దె ఎక్కడ తేగలమని ఊరుకున్నాను. నా పక్కన ఎప్పుడైనా మధ్యాహ్నం నువ్వు కూడా నడుం వాలుస్తావే, అప్పుడే భయమేసేది."

మేస్త్రి కంచం పక్కన పెట్టి లేచాడు. స్టూలెక్కి, పొద్దున్నుంచీ అంత నున్నగా పూసిన పచ్చి సిమెంటు అంచులోకి తాపీ దూర్చి లాగాడు. పెద్ద కష్టం కాలేదు. తడి కప్పుకి అది అంటుకుంటే కదా. పలకలా విడిపోయి నేల మీద పడి చితికింది. తర్వాత సుత్తి తీసుకుని రెండు దెబ్బలు వేశాడు. పాత సిమెంటు, పోయిన ఏటి తెల్లరంగుతో సహా తట్టెడు రాలింది. ఒకటి కాదు, నాలుగు చువ్వలు బయటపడ్డాయి. ఒకటి మధ్యకి తెగి కిందికి వేలాడింది. గదంతా మురుగు వాసన లేచింది.

చప్పుడుకి ఇంటాయన గబగబా దిగి వచ్చాడు. ఒక కాలు గడప లోపల, ఒకటి బయట.

"ఇదేం పని మేస్త్రీ? మూసెయ్యమంటే తెరుస్తావేం?"

"నేను మూయను సార్."

"కూలి చాలకపోతే చెప్పు. ఇంకో వంద వేస్తాను."

"కూలి వద్దు. ఇవాళ్టిది కూడా వద్దు. పైన టైల్సు లేపనిస్తానంటే రేప్పొద్దున్నే వస్తాను. ఇది మాత్రం నేను మూయను."

ఇంటాయన మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం పెరగలేదు. "నువ్వు కాకపోతే ఊళ్ళో మేస్త్రీలే లేరా? ఏడొందలకి వస్తారు. సాయంత్రానికి మూయిస్తాను. మా బావమరిదికీ చెబుతాను, మిగతావాళ్ళకీ చెబుతాను. ఏమ్మా, నువ్వైనా చెప్పు. గదిని ఇలా చేసి పోతే ఇబ్బంది నీకే కదా."

మేస్త్రి పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు. ఆయన చెబుతానంటే చెబుతాడు. వచ్చే నెల ఇరవై రోజులు పని ఉండదు. పది కూడా ఉండకపోవచ్చు.

కోడలు గడప దగ్గరికి వచ్చింది. మేస్త్రి ముట్టి వదిలేసిన కంచం తీసి పక్కన పెట్టింది. ఇంకో కంచం కడిగి, అన్నం పెట్టి, కూర వేసింది. రాలిన సిమెంటుని చీపురుతో ఒక పక్కకి నెట్టింది. చాప దులిపి వేసింది. వేలాడుతున్న చువ్వకి సరిగ్గా కింద కంచం పెట్టి, మంచినీళ్ళ గ్లాసు కుడిచేతి వైపు ఉంచింది.

"రండి బాబాయిగారూ," అంది. "భోజనాల వేళయింది. ఇక్కడ కూర్చుని తినండి. మీరు తిని లేస్తే ఎవర్ని తెచ్చి పూయించుకున్నా నేను అడ్డం రాను. అద్దె మూడొందలు కాదు, అయిదొందలు పెంచండి, ఇస్తాను. మీరు కూర్చోకపోతే మాత్రం మా అత్త మంచం ఇవాళే నాలుగో గదిలోకి పోతుంది. మేస్త్రన్న ఒక పక్క పట్టుకుంటాడు, నేనొక పక్క."

ఇంటాయన ఆమెని చూశాడు, కంచాన్ని చూశాడు. చేతిరుమాలు కోసం జేబు తడుముకున్నాడు. తొందరలో తెచ్చుకోలేదు.

పైన ఎవరో కుళాయి తిప్పారు. బక్కెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు కిందికి బాగానే వినిపించింది. కాసేపటికి ఆ నీళ్ళు పైగది నేల మీద పారాయి. కప్పులో గీత వెంబడి తడి మెల్లగా నల్లబడుతూ వచ్చింది. వేలాడే చువ్వ కొసన గోధుమరంగు చుక్క ఒకటి ఊరి, లావై, తెగి అన్నం మధ్యలో పడింది.

ఇంటాయన గడప లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అదేంటి నాయనా," అంది మంచం మీంచి ముసలామె, మర్యాదగానే. "కూర్చో. అన్నం చల్లారిపోతుంది."