విశ్వాసమే దోనె నడిపింది

తాడేపల్లిగూడెం దోర్కా సమాజం చరిత్ర చదవడానికి ఇంకా గంటే ఉందనగా, ఆ చరిత్రలో తప్పుందని విక్టోరియాకి తెలిసింది.

తెలియక తెలియక ఆ రోజే తెలియాలా! ఆరు నెలలు కూర్చుని రాసింది పాపం. దోర్కా సమాజమంటే పేటలో ఆడవాళ్లు డెబ్బై అయిదేళ్ల కిందట చర్చి వెనక గదిలో పెట్టుకున్న సంఘం. బాలింతలకు గుడ్డలు కుట్టి ఇచ్చారు. కలరా వచ్చినప్పుడు ఇంటింటికీ గంజి మోశారు. ఊరి బావి దగ్గరికి రానివ్వకపోతే, కొంగులు నడుముకు బిగించి తమ బావి తామే తవ్వుకున్నారు. ఇదంతా ఎవరు రాశారు గనక? ఎవరికి పట్టింది గనక? అందుకే హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే విక్టోరియా, సమాజం సెక్రటరీగా, పాత మినిట్స్ పుస్తకాలన్నీ దులిపి నలభై పేజీలు రాసింది. ఆ పుస్తకాల్లో సగం ఆమె తల్లి సువార్తమ్మ గుండ్రటి చేతిరాతే. ముప్పై ఏళ్లు ప్రెసిడెంటుగా చేసి, రెండేళ్ల కిందట పోయిందావిడ. ఈ రోజు జూబిలీలో ఆవిడ ఫొటోకి ముసుగు తీస్తారు.

ఆ చరిత్రలో అందరూ ఎదురుచూసే ఘట్టం ఒకటుంది. నలభై ఏళ్ల కిందట తుఫానుకి కొల్లేరు పొంగినప్పుడు, ఏడుగురు దోర్కా ఆడవాళ్లు లారీ ఎక్కి గణపవరం మీదుగా కొల్లేటి గట్టు దాకా వెళ్లారు. మునిగిపోయిన లంక ఊళ్లోంచి పదకొండు మందిని తాటిమాను తొలిచిన దోనెలో గట్టుకు చేర్చారు. ఆ నాటి మినిట్స్‌లో సువార్తమ్మ ఇలా రాసింది: "విశ్వాసమే దోనె నడిపింది." ఎంత మాట! ఇరవై ఏళ్లుగా ప్రతి మీటింగులోనూ అందరూ లేచి నిలబడి ఆ వాక్యం చెప్పుకుంటారు. బేనరు మీద అదే, కొత్తగా చెక్కించిన పాలరాతి మీదా అదే. వెళ్లిన వాళ్లలో ఆరుగురి పేర్లు దొరికాయి. "ఏడవ సహోదరి పేరు తెలియరాలేదు" అని రాసి విక్టోరియా ఊరుకుంది.

ఆ పదకొండు మందిలో ఒకరైన నూకాలమ్మని సాక్ష్యం చెప్పడానికి పిలిపించారు. అప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల, ఇప్పుడు గణపవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తోంది. తొమ్మిదిన్నరకి బస్సు దిగి, తిన్నగా చర్చి వెనక గదిలోకి వచ్చింది.

"టీచరు గారండీ, మా విశ్వాసం లోపలికి రానంటందండీ."

విక్టోరియా నవ్వేసింది. "విశ్వాసం లోపలే ఉండాలి నూకాలమ్మ గారూ, బయట ఉంటే ఎలా?"

"నేనూ అదే అన్నానండీ. వింటేనా! గేటు కాడ కూచుండిపోయింది. మీరో మాట చెప్పండి."

నవ్వు సగంలో ఆగింది. "గేటు దగ్గరెవరు కూర్చున్నారు?"

"విశ్వాసం పిన్నండీ. మా బాబాయి పెళ్లాం. దోనె నడిపిందావిడే కదండీ!" నూకాలమ్మ ఆశ్చర్యపోయింది. "ఆ గాలికి మా దోనెలోళ్లే రామన్నారు. మీ వాళ్లంతా గట్టు మీద నిలబడి ప్రార్థన చేసుకుంటన్నారు. ఈ పిల్ల గెడకర్ర పుచ్చుకుని దోనెలోకి దూకేసిందండీ. ఉండి ఊళ్లో వాళ్ల నాన్న కాలవ మీద పడవ నడిపేవాడంట. నాలుగుసార్లు తిరిగిందండీ, నాలుగుసార్లు! నన్ను చూరు మీంచి జుట్టు పట్టుకు లాగింది."

విక్టోరియా బీరువా తీసి ఆ ప్రయాణం నాటి హాజరు పట్టీ బయటికి లాగింది. ఏడో పేరు మీద నల్ల సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. సిరా కారిందేమో అనుకుందిన్నాళ్లూ. కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే కింద అక్షరాలు కనిపించాయి. విశ్వాసం. కాగితం వెనక్కి తిప్పితే తల్లి చేతిరాత: "అన్యుని వివాహమాడినందున తొలగించడమైనది." అంటే, క్రైస్తవుడు కాని నూకాలమ్మ బాబాయిని చేసుకుందని.

ఇంగ్లీషులోనైతే పేరుకి పెద్ద అక్షరం పడేది, ఇట్టే దొరికిపోయేది. మన రాతలో పేరుకీ మాటకీ తేడా ఏముంది? పోనీ "నడిపారు" అని రాసినా తెలిసేది. ఇరవై ఏళ్ల పిల్ల కాబట్టి అమ్మ "నడిపింది" అని రాసింది. మరి అందరూ లేచి ఆ మాట చెప్పుకుంటున్నప్పుడు అమ్మ నోరు మెదిపేది కాదెందుకు? వినయమనుకుంది విక్టోరియా. వినయం కాదు, సిగ్గు.

పరుగున వెళ్లి ప్రెసిడెంటు కుసుమ గారిని పట్టుకుంది. ఆ ఏడుగురిలో ఒకరు ఆవిడ. డెబ్బై దాటినా చీర మడత నలగదు. ముసుగు ఎత్తి సువార్తమ్మ ఫొటోకి దండ సర్దుతున్నారు.

"ఆంటీ, విశ్వాసమంటే మనిషా?"

కుసుమ గారి చెయ్యి దండ మీద ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"గేటు దగ్గర కూర్చుందండీ. ఇరవై ఏళ్లుగా మీకు తెలుసు, మా అమ్మకి తెలుసు! ఒక్కరైనా చెప్పలేదేం?"

"మొదటిసారి ఆ మాట బేనరు మీద రాయించింది మేం కాదమ్మా, కుర్రకారు. అందరూ మెచ్చుకున్నారు. అప్పుడు లేచి, అది మేం వెలేసిన పిల్ల పేరని చెప్పమంటావా?" ఆవిడ గొంతు తగ్గించారు. "చూడు, పెద్ద పాస్టరు అయ్యగారు వచ్చారు. మీ అమ్మ ఫొటోకి ముసుగు తీసే రోజు. కన్నతల్లి మొహం మీద నువ్వే దుమ్ము పోస్తావా? వచ్చే మీటింగులో మాట్లాడుకుందాం."

"వచ్చే మీటింగుకి ఆవిడ రాదండీ."

"చదివావంటే మైకు ఆపిస్తాను. ఆ పైన నీ ఇష్టం."

అమ్మంటే ప్రాణం విక్టోరియాకి. జ్వరమొస్తే రాత్రంతా తల దగ్గర కూర్చున్న అమ్మ. ఆ అమ్మే ఈ గీత గీసింది. కిటికీలోంచి చూస్తే గేటు పక్క సిమెంటు దిమ్మ మీద ఒక బక్కపలచటి మనిషి కూర్చుని ఉంది. మాటిమాటికీ రోడ్డు వైపు, బస్సొచ్చే వైపు చూస్తోంది.

ఆరాధన మొదలైంది. గుడి కిటకిటలాడుతోంది. విక్టోరియా చరిత్ర చదవడం మొదలుపెట్టింది. గంజి అయింది, బావి అయింది, జనం చప్పట్లు కొట్టారు. తుఫాను పేజీ వచ్చింది. ముందు వరసలోంచి కుసుమ గారు ఆమెనే చూస్తున్నారు.

విక్టోరియా కాగితాలు మూసి పాత పట్టీ తీసింది. "ఆ రోజు హాజరు పిలుస్తున్నాను," అంది. దోర్కా మీటింగుల్లో పేరు పిలిస్తే లేచి, హాజరని చెప్పి, ఒక బైబిలు వాక్యం వల్లించి కూర్చోవాలి. చిన్నప్పటి నుంచీ అందరికీ అలవాటే.

"సువార్తమ్మ." ఎవరూ పలకలేదు. "కరుణమ్మ." పలకలేదు. మరో ముగ్గురి పేర్లు పిలిచింది. అందరూ పోయినవాళ్లే.

"కుసుమ."

అలవాటు మనిషిని ఊరుకోనిస్తుందా! కుసుమ గారు లేచి నిలబడ్డారు. "హాజరు," అన్నారు. వాక్యం నోటికి రాలేదు.

"విశ్వాసం."

ఆ మాట వినీ వినగానే గుడంతా ఒక్కసారిగా లేచింది. మూడొందల గొంతులు ఒక్కటై "విశ్వాసమే దోనె నడిపింది!" అన్నాయి.

"కూర్చోండి," అంది విక్టోరియా. "నేను పిలిచింది మనిషిని."

కుసుమ గారు మైకు అబ్బాయి వైపు చెయ్యి ఊపారు. మైకు టప్పుమని ఆగిపోయింది.

ఇరవై రెండేళ్లు అరవై మంది పిల్లల్ని అరిచి కూర్చోబెట్టిన గొంతు అది. మైకు లేకపోతే ఆగుతుందా! "విశ్వాసం! ఉండి విశ్వాసం! దోనె నడిపింది ఈమె. ఈ పేరు కొట్టేసింది మా అమ్మ. తెలిసీ నోరు మూసుకున్నది మా అమ్మ!" ఆ చివరి మాటకి ఏడుపొచ్చేసింది. అయినా మళ్లీ పిలిచింది. "విశ్వాసం!"

బయట బస్సు హారను వినిపించింది. గేటు దగ్గర ఆగి, మళ్లీ కదిలి వెళ్లిపోయిన చప్పుడైంది. ఎక్కేసిందనుకుంది విక్టోరియా. పట్టీ మీదికి తల వంచేసుకుంది.

"హాజరండీ."

గుమ్మంలో చెప్పులు విడుస్తోందావిడ. అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ లోపలికి రెండడుగులు వేసి ఆగింది. ఆనవాయితీ ప్రకారం వాక్యం చెప్పాలి. అందరూ చూస్తున్నారు.

"వాక్యాలేమీ గుర్తు లేవండీ," అంది విశ్వాసం. "గెడ ఎయ్యడం గుర్తుంది." తర్వాత ముసుగు కప్పిన ఫొటో వైపు తిరిగింది. "మీ అమ్మ పిలుస్తుందని చూశానమ్మా. చాన్నాళ్లు చూశాను."

విక్టోరియా పెన్ను తీసింది. కొట్టేసిన పేరు పక్కన హాజరు వేసింది.