పిన్ని అరచేతి కొలత

ఏడేళ్ళు ఒకే ఊదారంగు నీళ్ళను చూస్తూ కూర్చుంటే ఎవరికైనా మతి చలిస్తుంది. ఆ పరిశోధక విద్యార్థినికి చలించలేదు, అదే వింత. రంగునీళ్ళలో క్షారం కలిపితే అరగంటకు రంగు పోతుంది. తాను తయారుచేసిన తెల్లపొడి కూడా వేస్తే త్వరగా పోవాలి. పాపం, పొడికి ఆ సంగతి తెలియదు.

పోయిన వారం మాత్రం పొడి వేయగానే రెండు నిమిషాల్లో రంగు మాయమైంది. ఆమె పరిశోధనకు మార్గదర్శి అయిన మాస్టారు ఉబ్బితబ్బిబ్బైపోయి, డాక్టరేటు పట్టాకు సంతకం పెట్టాల్సిన పరీక్షకుణ్ణి పిలిపించేశారు.

ఈరోజు ఆ పరీక్షకుడి ఎదుటే పొడి వేసింది. రెండు నిమిషాలు గడిచాయి, పది, ఇరవై. రంగు ఎప్పటిలాగే నెమ్మదిగా పలచబడుతోంది. మాస్టారి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఆమె ఫ్లాస్కులు కడిగే పిన్ని దగ్గరకు పరుగెత్తింది.

"పిన్నీ, ఇవాళ వీటినెలా కడిగావు?"

"పెద్దాయన వస్తున్నాడన్నారు కదమ్మా! సబ్బుతో తోమి అయిదుసార్లు నీళ్ళతో జాడించా."

"మరి పోయిన వారం?"

"సబ్బు అయిపోయింది. మా కోడలు తలకి రాసుకునే కండిషనర్ తెచ్చి పోశా. గాజు నున్నగా మెరిసిందని సరిగ్గా జాడించలేదు. మా కోడలికి చెప్పకమ్మా."

కండిషనర్ మిగిలిన సీసా సింకు పక్కనే ఉంది. పొడితోపాటు గుట్టుగా కాస్త కలిపేస్తే పట్టా ఖాయం. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమే. అయినా ఆమె పరీక్షకుడి ముందుకెళ్ళి, క్షారం కలిపిన కొత్త రంగునీళ్ళలో పొడి లేకుండా కండిషనర్ ఒక్కటే వేసింది. రంగు చకచకా పోయింది.

"ఇందులోని అణువులకు తలా, తోకా ఉంటాయి; తగినన్ని ఉంటే గుంపు కడతాయండీ. తోకలు లోపలికి, తలలు బయటికి. ఆ గుంపు రంగునీ క్షారాన్నీ తన దగ్గరికి లాక్కుని ఎదురెదురుగా నిలబెడుతుంది. నా పొడి ఏమీ చేయదు," అంది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. పరీక్షకుడు మాత్రం కలం తీశాడు.

"తక్కువైతే గుంపే కట్టవు కదా. మరి ఆ రోజు ఎంత పడింది?"

"తెలియదండీ."

"ఒక్కో ఫ్లాస్కుకి అరచేతినిండా అండీ," అంది పిన్ని గుమ్మంలోంచి.

"అది కొలిచి రాసుకురా. సంతకం పెడతా," అన్నాడు పరీక్షకుడు.

పిన్ని చెయ్యి చాపింది. వేళ్ళ సందుల్లో పగుళ్ళున్నాయి, అరచేతిలో గీతలు అరిగిపోయాయి. విద్యార్థిని పిపెట్ అనే కొలతగొట్టంతో ఆ అరచేతిని బొట్టుబొట్టుగా కండిషనర్‌తో నింపుతూ లెక్కపెట్టింది.

"ఏడేళ్ళ నుంచీ ఈ చేతులే కదమ్మా కడుగుతోంది," అంది పిన్ని. "ఎలా కడుగుతున్నావని ఇవాళే అడిగావు."