వేపమండ మార్కా

మా ఆయన బాలనర్సయ్యకు లోకంలో ఒక్కరి మీదే నమ్మకం. ఆ ఒక్కరూ తనే. జాగీర్లు రద్దయి కచేరీ ఉద్యోగం పోయాక, నానక్‌రామ్‌గూడ గుట్టల తేనె సీసాల్లో పోసి అమ్ముదామన్నారు. బాగానే ఉంది. సీసా మీద అంటించే మార్కా కూడా తనే గీస్తానన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. వేపపూల తేనె కదా అని పచ్చటి వేపమండ గీసి, పట్నంలో అచ్చు వేయించారు. మండ అందంగానే ఉంది. ఆ మాట నోరుజారి అన్నందుకు ఆకుల ఈనెల గురించి నాకు చాలా రోజులు పాఠం జరిగింది.

సీసాలు మాత్రం కదల్లేదు. నార్సింగి దుకాణం వీరేశం అన్నీ తిప్పి పంపాడు. ఈ సరుకు పోకపోతే మా ఆయన మళ్ళీ ఎవరి గుమ్మం ముందో చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ దిగులు ఆయనలో అనుమానమై మొలిచింది. వీరేశం ఇన్నాళ్ళూ సీసాలను వెనక అరలోనే దాచి ఉంచాడన్నారు. బెల్లంపాకం కలిపామని ఎవరో పుకారు పుట్టించారన్నారు. చివరికి నేను రుచి చూసిన చెంచా వంక కూడా ఓరగా చూశారు.

పక్కింటి భాగ్యమ్మకు ఒక సీసా ఇచ్చాను. ఆవిడ మార్కా చూసి, దాన్ని అరుగు మీదే పెట్టి వెనక్కి జరిగింది.

"మీ ఇంట్ల ఎవరికన్న అమ్మ పోసిందా, బిడ్డా?"

మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. పరాయివాళ్ళు ఆ గడప దాటరు, ఆ ఇంటి తిండి ముట్టరు. ఈ సంగతి చెబితే, భాగ్యమ్మ కూడా వీరేశంతో కలిసిందన్నారు మా ఆయన. నేనిక వాదించలేదు. మర్నాడు ఆయన పట్నం వెళ్ళగానే ఒక మండ విరిచి మా గుమ్మానికి కట్టాను.

పొద్దు వాలేవేళకు వచ్చిన మనిషి వాకిట్లోనే ఆగిపోయారు. ముఖం తెల్లబోయింది.

"ఎవరికి పోసింది? చిన్నదానికా?"

"ఎవ్వరికి లేదు. లోపటికి రాండ్రి."

"మండ కట్టినవ్ గదా?"

"నేను ఒక్క గుమ్మానికే కట్టిన. మీరు సీస సీసకు కట్టిండ్రు."

లోపల మా అమ్మాయి గచ్చకాయలు ఆడుతున్న చప్పుడు వినిపించాక ఆయనకు ఊపిరి వచ్చింది. నేను సీసా తెచ్చి మండ కిందే పెట్టాను. ఆయన పైకి చూశారు, కిందికి చూశారు. గోడ అవతల భాగ్యమ్మకు కూడా వినబడేంత గట్టిగా అన్నారు:

"వీరేశం తప్పేం లేదు. తప్పు నేనే చేసిన."