బాట పక్కన తీతువు గుడ్లు

రాతలో తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దేనాటికే తల నెరిసింది. ఇప్పటికీ ఒత్తు దగ్గర ఆగి ఆలోచిస్తాను. ఈ కాస్త రాయడానికే చాలా రోజులు పట్టింది.

నా కూతురు పల్లవి తొలి కాన్పుకు ఆదోని నుంచి మా ఇంటికి వచ్చింది. రోజూ నడవాలని ఆస్పత్రిలో నర్సు చెప్పింది. ఎండ తగ్గాక ఇద్దరం, వానొస్తేనే నీళ్లు పారే వంక పక్క బండిబాట పట్టేవాళ్లం. ఎండాకాలం చివరికొచ్చి, ఒక వాన పడింది. నల్లరేగడి మీద పల్లేరు పసుప్పచ్చగా పూసింది. తుమ్మచెట్ల కింద బంతుల్లాంటి పూలు రాలి ఉండేవి. దూరంగా జింకల మంద తలెత్తి మమ్మల్ని చూసి, మళ్లీ మేతలో పడేది. పల్లవి ఆరుద్ర పురుగును అరచేతిలో పెట్టుకుని, "ముఖమల్ గుడ్డ మాదిరి ఉంది సూడు మా" అనేది.

వంక మలుపు దగ్గరే నాకు కష్టం. అక్కడికి రాగానే ఒక తీతువు పిట్ట లేచి మా తలల మీద తిరుగుతూ అరిచేది. అది అరిస్తే ఎవరో పోతారని మా వైపు నమ్మకం. నిండు చూలాలి నెత్తిన అరుస్తుంటే మట్టిపెళ్లలు తీసి విసిరేదాన్ని. విసిరేకొద్దీ అది ఇంకా కిందికి దిగి అరిచేది.

"చర్చిలో ముందు వరసలో కూసుంటావు, నీకు పిట్ట శకునమేంది మా?" అని ఒకరోజు పల్లవి నవ్వింది.

"ప్రభువు పైనుండాడు. పిట్ట నీ నెత్తినుంది. నడువు మే!"

ఆ రోజు ఆమెకు ఆయాసం వచ్చి, మలుపు దాటాక తుమ్మ నీడలో కూర్చుంది. నేనూ పక్కన కూలబడ్డాను. విసరడానికి ఓపిక లేదు. మేము కదలకపోయేసరికి పిట్ట అరుపు మాని నేల మీద వాలింది. పచ్చటి కాళ్లతో అటూ ఇటూ నడిచి, బాట పక్క చేనులో ఒకచోట మెల్లగా కూర్చుంది.

"అది పొదుగుతాంది మా" అంది పల్లవి గుసగుసగా.

దగ్గరికి వెళితే గూడు లేదు. ఉత్త నేల మీద నాలుగు గుడ్లు, మట్టి రంగే, నల్ల మచ్చలు. నేను విసిరిన పెళ్ల ఒకటి జానెడు దూరంలో పగిలి ఉంది.

మర్నాడు పొద్దున ఆ చేను రైతు బసన్న ట్రాక్టరుతో గుంటక తోలుతున్నాడని తెలిసి పరుగున పోయాను. గుంటక అంటే నేలను గీరుతూ పోయే ఇనుప పలక. దాని కింద గుడ్లు మిగలవు. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఏం కృపక్కా, బండి కింద పడేకి వచ్చినావా?"

"ఈడ తీతువు గుడ్లుండాయి. ఈ కాస్త వదిలిపెట్టప్పా."

"ఆ దరిద్రపు పిట్టకు నువ్వా వకాల్తా? నిన్నటిదాకా నువ్వే కదా పెళ్లలు ఇసురుతాంటివి!"

"ఇసిరినా. కాన్పుకొచ్చిన పిల్ల ఇంట్లో ఉంది, ఆ పిట్ట ఉసురు నాకొద్దు. తిప్పుకోని పో."

బసన్న గొణుక్కుంటూనే స్టీరింగు తిప్పాడు. చేనంతా గీరినా అక్కడ మంచమంత నేల మిగిలింది. పిట్ట ట్రాక్టరు మీద కూడా అరుస్తూనే ఉంది.

ఇప్పుడు మేము మలుపు రాకముందే వంకలోకి దిగి, చుట్టు తిరిగి నడుస్తున్నాం. పల్లవికి ఇంకా నొప్పులు రాలేదు. పిట్ట ఇంకా పొదుగుతోంది. దాని అరుపు ఇంటిదాకా వినిపిస్తే, కుక్క ఏదైనా అటు పోయిందేమోనని కర్ర తీసుకుని బయలుదేరుతున్నాను.

కృపమ్మ, యాభై ఆరేండ్లు, ఎమ్మిగనూరు శివారు.